నెట్ వస్తోంది, పక్క గది కంప్యూటరే అందట్లేదు

ఫోన్‌లో యూట్యూబ్ ఆగకుండా ఆడుతుంది, ల్యాప్‌టాప్‌లో మెయిల్ తెరుచుకుంటుంది. కింద హాల్లో కంప్యూటర్లో ఉన్న పెళ్లి వీడియో మాత్రం పై గది ల్యాప్‌టాప్‌కి అందదు. ప్రింటర్ బొమ్మ మీద ‘ఆఫ్‌లైన్’ అని పడుతుంది. వెంటనే కేబుల్ ఆఫీసుకి ఫోన్ వెళ్తుంది. వాళ్ల కుర్రాడొచ్చి స్పీడ్ టెస్ట్ చూపించి, ‘ఫుల్ స్పీడ్ వస్తోంది సార్’ అని వెళ్లిపోతాడు. అతను చెప్పింది నిజమే. వీధిలోంచి ఇంట్లో పెట్టెదాకా లైను తేవడం వాళ్ల పని. ఆ పెట్టె దాటాక ఒక మిషన్ ఇంకో మిషన్‌ని అందుకోవడం మన ఇంటి వ్యవహారం. ఆ ఫైబర్ వైరు పీకి పక్కన పెట్టినా ఇంట్లో ఫైళ్లు ఇటు నుంచి అటు వెళ్లాలి. అందుకే షేరింగ్ పనిచేయనప్పుడు నెట్ స్పీడ్ చూడటం దండగ.

ఈ జబ్బులో మూడు రకాలున్నాయి. అవతలి కంప్యూటర్‌కి అసలు దారే లేకపోవడం ఒకటి. దారి ఉన్నా పేరు తెలియకపోవడం రెండోది. గుమ్మం దాకా వెళ్లాక లోపలికి రానివ్వకపోవడం మూడోది. మూడింటికీ స్క్రీన్ మీద వచ్చే మెసేజ్ కాస్త అటూ ఇటుగా ఒకేలా ఉంటుంది. దాంతో జనం మూడో జబ్బుకి మొదటి మందు వేస్తుంటారు. రౌటర్ రీసెట్ బటన్‌ని పిన్నుతో పొడవడం అలాంటి వైద్యమే. దాంతో ఆపరేటర్ పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోయి, అప్పటిదాకా వస్తున్న నెట్ కూడా పోతుంది.

ముందు అడ్రస్ చూడండి

రెండు విండోస్ కంప్యూటర్లలోనూ స్టార్ట్ మెనూలో సీఎండీ (cmd) అని కొట్టి, తెరుచుకున్న నల్ల కిటికీలో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని, మధ్యలో ఖాళీ లేకుండా, టైప్ చేసి ఎంటర్ నొక్కండి. వచ్చిన దాంట్లో రెండు లైన్లే చూడాలి: ‘ఐపీవీ4 అడ్రస్’ (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ నంబర్), ‘డిఫాల్ట్ గేట్‌వే’ (అది బయటికి వెళ్లే రౌటర్ నంబర్). వర్చువల్ మిషన్ల సాఫ్ట్‌వేరో వీపీఎన్నో ఉంటే నాలుగైదు అడాప్టర్ల పేర్లు వరసగా వస్తాయి. గేట్‌వే దగ్గర నంబర్ నిండి ఉన్నదే అసలుది, మిగతావి వదిలేయండి.

కింద కంప్యూటర్‌లో అడ్రస్ 192.168.1.10, గేట్‌వే 192.168.1.1 అని ఉండి, పై ల్యాప్‌టాప్‌లో అడ్రస్ 192.168.0.104, గేట్‌వే 192.168.0.1 అని ఉందనుకోండి. చుక్కల మధ్య మూడో అంకె దగ్గర ఒకచోట 1, ఒకచోట 0. జబ్బు దొరికినట్టే. ఇల్లు ఒకటే అయినా నెట్‌వర్కులు రెండున్నాయి.

అడ్రస్ 169.254తో మొదలైతే సంగతి వేరు. రౌటర్‌ని అడ్రస్ అడిగితే జవాబు రాక, కంప్యూటర్ తనకు తానే ఒక నంబర్ పెట్టుకుందని అర్థం. వైరు సరిగా కూర్చోలేదా, రౌటర్‌లో అడ్రసులిచ్చే డీహెచ్‌సీపీ ఆగిపోయిందా అని చూసుకోవాలి. ఐపీకాన్ఫిగ్ తర్వాత ఒక ఖాళీ వదిలి /రిలీజ్ (/release), ఆ తర్వాత మళ్లీ ఐపీకాన్ఫిగ్ /రెన్యూ (/renew) కొడితే కొత్త అడ్రస్ అడుగుతుంది. అప్పటికీ 169.254 వస్తే తప్పు ఆ కంప్యూటర్‌ది కాకపోవచ్చు. అదే వైరుని ఇంకో ల్యాప్‌టాప్‌కి పెట్టి చూస్తే నిమిషంలో తేలుతుంది.

పైన ఒక రౌటర్, కింద ఒక రౌటర్

మన డాబా ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా దొరికే తప్పు ఇదే. కింద టీవీ పక్కన కేబుల్ వాళ్ల పెట్టె ఉంటుంది. దాని వైఫై స్లాబ్ దాటి పైకి సరిగా ఎక్కదు. దాంతో ఇంకో రౌటర్ కొని, కింద పెట్టె నుంచి ఒక ల్యాన్ కేబుల్ పైకి లాగి, కొత్త రౌటర్ మీద వేరే రంగులో ఉండే ‘వ్యాన్’ పోర్టులో గుచ్చుతారు. డబ్బా మీద బొమ్మలో అలాగే ఉంటుంది కదా! పైన నెట్ బాగానే వస్తుంది. కానీ ఆ పోర్టు ఒక గోడ. దాని వెనక కొత్త రౌటర్ తన సొంత కాలనీ కట్టుకుని, సొంత అడ్రసులు పంచుతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. పై ల్యాప్‌టాప్ నుంచి కింద కంప్యూటర్‌ని అడ్రస్ కొట్టి పిలిస్తే పలుకుతుంది, ఎందుకంటే లోపలి నుంచి బయటికి వెళ్లేవాళ్లని రౌటర్ ఆపదు. కింద నుంచి పైకి పిలిస్తే మాత్రం పలకదు. పేరు పెట్టి వెతికితే రెండు వైపులా దొరకదు. ‘దీనికి అది కనిపిస్తోంది, దానికి ఇది కనిపించట్లేదు’ అని ఎవరైనా చెబితే ముందు ఇంట్లో రౌటర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టాలి.

మందు సులువే, వరస తప్పకూడదు. పై రౌటర్ సెట్టింగ్స్‌లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ (సొంత అడ్రసులు పంచకుండా వైఫై మాత్రం ఇచ్చే పద్ధతి) అనే మాట ఉంటే దాన్ని ఎంచుకుని సేవ్ చేయండి, అంతే. చవక మోడళ్లలో ఆ మోడ్ ఉండదు, అప్పుడు చేత్తో చేసుకోవాలి. మొదట కింద పెట్టె నుంచి వచ్చే కేబుల్ తీసేయండి. ల్యాప్‌టాప్‌ని పై రౌటర్ మామూలు ల్యాన్ పోర్టుకి వైరుతో కలిపి, బ్రౌజర్‌లో 192.168.0.1 తెరిచి, రౌటర్ ల్యాన్ అడ్రస్‌ని 192.168.1.2గా మార్చండి. అది రీస్టార్ట్ అయ్యాక ల్యాప్‌టాప్ వైరు ఒకసారి తీసి పెట్టి, 192.168.1.2 దగ్గర మళ్లీ లాగిన్ అయి డీహెచ్‌సీపీని ఆపేయండి. చివరగా కింద నుంచి వచ్చిన కేబుల్‌ని వ్యాన్‌లో కాకుండా మామూలు ల్యాన్ పోర్టులో పెట్టండి. డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే ల్యాప్‌టాప్‌కి అడ్రస్ దొరక్క, రౌటర్ పేజీలోకే వెళ్లలేకపోతారు. ఆపకుండా కేబుల్ మార్చేస్తే అది ఇంకా ఘోరం. ఒకే ఇంట్లో ఇద్దరు అడ్రసులు పంచుతుంటారు, ఎవరి అడ్రస్ ముందు అందితే వాళ్ల లెక్క. సగం ఫోన్లలో నెట్ ఉంటుంది, సగంలో ఉండదు, రేపు ఆ సగాలు మారిపోతాయి.

ఇంకో జాగ్రత్త. కింద పెట్టె 192.168.1.2 నుంచే అడ్రసులు పంచుతుంటే ఏదో ఒక రోజు ఆ నంబర్ ఒక ఫోన్‌కి ఇచ్చేస్తుంది, పై రౌటర్‌తో గొడవ పడుతుంది. పెట్టెలో డీహెచ్‌సీపీ రేంజ్‌ని 192.168.1.10 నుంచి 192.168.1.200 దాకా కుదించండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండు పెట్టెల్లోనూ ఒకేలా పెట్టుకోవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ చానళ్లు మాత్రం వేరుగా ఉండాలి: ఒకదానికి 1, ఇంకోదానికి 6 గానీ 11 గానీ. మధ్యలో ఉండే 3, 4 లాంటివి రెండు పక్కలా అడ్డం పడతాయి.

ఆపరేటర్ పెట్టె సెట్టింగ్స్‌కి తాళం వేసి ఉంటే, దాన్ని ‘బ్రిడ్జ్ మోడ్’లో, అంటే రౌటర్ పని మానేసి లైను మాత్రం అందించేలా, పెట్టమని అడగొచ్చు. అప్పుడు నెట్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మీ రౌటర్‌లోనే పెట్టి, ఇంట్లో ప్రతి మిషన్‌నీ ఆ రౌటర్ కిందికే తేవాలి. ఒక్క టీవీని పాత పెట్టెకి వదిలేసినా అది వేరే ఊళ్లో ఉన్నట్టే.

ఒకే నెట్‌వర్క్, అయినా అందదు

మూడో అంకె కూడా కలిసింది, ఇప్పుడు ల్యాప్‌టాప్ నుంచి పింగ్ 192.168.1.10 (ping 192.168.1.10) అని కొట్టండి. జవాబు వస్తే దారి ఉన్నట్టే. ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని వస్తే మాత్రం తొందరపడి దారి లేదనుకోవద్దు. విండోస్ ఫైర్‌వాల్ (బయటినుంచి వచ్చేవాటిని ఆపే కాపలా) పింగ్‌కి జవాబివ్వకుండా ఊరుకోవడం మామూలే. వెంటనే ఏఆర్‌పీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, -ఏ పెట్టి (arp -a) ఎంటర్ నొక్కండి. వచ్చిన పట్టీలో 192.168.1.10 పక్కన రెండేసి అక్షరాల గుంపులు ఆరు, మధ్యలో గీతలతో, కనిపిస్తే అవతలి కంప్యూటర్ బతికే ఉంది, వైరు మీద పలికింది, ఫైర్‌వాలే తలుపేసుకుంది. ఆ నంబరే పట్టీలో లేకపోతే నిజంగానే దారి లేదు. ఈ చిన్న తేడా చూసుకోక గంటలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

దారి లేనప్పుడు మొదటి అనుమానం గెస్ట్ వైఫై మీద. గెస్ట్ నెట్‌వర్క్ పెట్టిందే చుట్టాల ఫోన్లకి నెట్ ఇచ్చి, ఇంటి కంప్యూటర్లు చూపించకుండా ఉండటానికి. ఎప్పుడో ల్యాప్‌టాప్‌ని దానికి కలిపి మర్చిపోయి ఉంటారు. రెండో అనుమానం రౌటర్ వైర్‌లెస్ పేజీలో ఉండే ‘ఏపీ ఐసొలేషన్’ మీద. కొన్నింట్లో దాని పేరు ‘క్లయింట్ ఐసొలేషన్’. అది ఆన్‌లో ఉంటే వైఫై మీద ఉన్నవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు, నెట్ మాత్రం అన్నిటికీ వస్తుంది. హాస్టల్‌కి, హోటల్‌కి అది కావాలి, ఇంటికి అక్కర్లేదు.

మూడోది ఆఫీసు ల్యాప్‌టాప్. కంపెనీ వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) ఆన్ అవగానే ఇంటి ప్రింటర్ మాయమైతే అది చెడిపోవడం కాదు, కంపెనీ కావాలని ఇంటి నెట్‌వర్క్‌ని మూసేయడం. వీపీఎన్ తీసి ప్రింట్ ఇచ్చుకోవాలి, లేదా ఫైల్‌ని ఇంకో మిషన్‌కి పంపుకోవాలి. కంపెనీ సెట్టింగ్స్‌తో కుస్తీ పడొద్దు.

‘నెట్‌వర్క్’ ఫోల్డర్‌ని నమ్మొద్దు

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమ పక్కన ‘నెట్‌వర్క్’ అని ఉంటుంది. అక్కడ అవతలి కంప్యూటర్ బొమ్మ కనిపించకపోతే షేరింగ్ పోయిందనుకుంటారు. ఆ బొమ్మ కేవలం హాజరు పట్టీ. పట్టీలో పేరు లేకపోయినా మనిషి ఇంట్లోనే ఉండొచ్చు. పైన అడ్రస్ బార్‌లో నేరుగా \\192.168.1.10 అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఫోల్డర్లు తెరుచుకున్నాయా, జబ్బు పేరుదే, దారి బాగుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగిందా, పేరు, దారి రెండూ దాటేశారు, ఇక మిగిలింది అనుమతి. 80070035తో ముగిసే ఎర్రర్ వస్తే మాత్రం గుమ్మం దాకా కూడా చేరలేదు.

బొమ్మ కూడా కనిపించి తీరాలంటే, షేర్ చేసే కంప్యూటర్‌లో స్టార్ట్‌లో సర్వీసెస్ తెరిచి ‘ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్’ అనేదాన్ని ‘ఆటోమేటిక్ (డిలేయ్డ్ స్టార్ట్)’లో పెట్టండి. నేనిక్కడున్నానని కేక వేసేది అదే. పక్కనే ‘ఫంక్షన్ డిస్కవరీ ప్రొవైడర్ హోస్ట్’ కూడా నడుస్తుండాలి. పాత పద్ధతిలో ఈ పట్టీని ఎస్‌ఎంబీ1 అనే పాత షేరింగ్ భాష మోసేది. 2017 మేలో వన్నాక్రై వైరస్ ఆ దారినే పాకింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి కొత్తగా వేసుకునే విండోస్‌లో ఎస్‌ఎంబీ1 పెట్టడం మానేశారు. 2018లో వెర్షన్ 1803తో, ఇంటి కంప్యూటర్ల షేరింగ్‌కి ఉండే హోమ్‌గ్రూప్ కూడా పోయింది. ‘విండోస్ ఫీచర్స్‌లో ఎస్‌ఎంబీ1 టిక్ పెట్టండి, అన్నీ కనిపిస్తాయి’ అని ఇప్పటికీ వీడియోల్లో చెబుతుంటారు. కనిపిస్తాయి, దొంగలకి కూడా.

ఎస్‌ఎంబీ1 తప్ప రానివి కొన్ని ఇంకా ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో ఉన్నాయి: విండోస్ ఎక్స్‌పీ, కొన్ని పాత రౌటర్ల వెనక యూఎస్‌బీ పోర్టుకి తగిలించిన డిస్క్, ఫోల్డర్‌లోకి స్కాన్ పంపే పాత మిషన్లు. విండోస్ 7కి ఆ ఇబ్బంది లేదు, దానికి ఎస్‌ఎంబీ2 వచ్చు. పాత రౌటర్‌కైతే ముందు ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందేమో చూడండి. లేకపోతే అదే డిస్క్‌ని ఎఫ్‌టీపీ అనే ఇంకో పద్ధతిలో తెరవొచ్చు, ఇంటి లోపలి వాడకానికి అది చాలు.

కొత్త రౌటర్ వచ్చింది, షేరింగ్ పోయింది

విండోస్ నెట్‌వర్క్‌ని గేట్‌వే చూసి గుర్తుపడుతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే పెట్టినా, పెట్టె మారితే అది కొత్త చోటు. కొత్త చోటు అనగానే ‘పబ్లిక్’ అని రాసుకుంటుంది, అంటే బస్టాండ్ వైఫైలో ఉన్నట్టు అన్ని తలుపులూ మూసేస్తుంది. నిన్నటిదాకా నడిచిన షేరింగ్ రౌటర్ మార్చిన రోజే ఆగిందంటే పది సార్లలో తొమ్మిది సార్లు కారణం ఇదే. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, కలిసి ఉన్న నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో ‘ప్రైవేట్’ ఎంచుకోండి. వైరు మీద ఉన్న కంప్యూటర్‌కి ఎథర్నెట్ కింద విడిగా అదే పని చేయాలి. తర్వాత ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్’లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్‌లో ఉండాలి.

వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే దాని లోపల ఇంకో ఫైర్‌వాల్, అందులో ఇంకో ‘హోమ్ నెట్‌వర్క్’ అనే ప్రశ్న ఉంటాయి. విండోస్‌లో ప్రైవేట్ పెట్టి, అక్కడ మర్చిపోతే పని జరగదు.

పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే

అసలు గొడవంతా ఇక్కడే. స్క్రీన్ మీద చిన్న కిటికీ ఒకటి తెరుచుకుని యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. రోజూ కంప్యూటర్ తెరిచే నాలుగంకెల పిన్ కొడతారు. ఒప్పుకోదు. మళ్లీ కొడతారు. పిన్ అనేది ఆ ఒక్క కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే పనికొస్తుంది, నెట్‌వర్క్ మీద ఎన్నటికీ చెల్లదు. అకౌంట్ అసలు పాస్‌వర్డ్ కావాలి, అది కూడా మీరు కూర్చున్న ల్యాప్‌టాప్‌ది కాదు, ఫైళ్లు ఉన్న కంప్యూటర్‌ది. అక్కడి అకౌంట్‌కి పాస్‌వర్డే లేకపోతే? ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్‌ని విండోస్ బయటినుంచి రానివ్వదు, అలా రాకూడదని ముందే పెట్టి ఉంటుంది.

దీనికి మందుగా ‘పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్’ ఆపేయమని అందరూ చెబుతారు. ఆపితే వచ్చేవాళ్లంతా ‘గెస్ట్’ పేరుతో లోపలికొస్తారు. కానీ కొత్త విండోస్ తాను గెస్ట్‌గా వెళ్లడానికి ఒప్పుకోవడం మానేస్తోంది. విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్‌లో అది ముందే మూసి వస్తుంది. ‘మీ ఆర్గనైజేషన్ సెక్యూరిటీ పాలసీలు ఒప్పుకోవు’ అని మెసేజ్ వస్తుంది. ఇంట్లో మీ ఆర్గనైజేషన్ ఏదో వెతుక్కోవాల్సిందే! ఆ తాళం పగలగొట్టే చిట్కాలున్నాయి గానీ, అవతలి వైపు ఒక సరైన అకౌంట్ పెట్టుకోవడం ఐదు నిమిషాల పని, ఏ అప్‌డేట్ వచ్చినా చెడదు.

ఎలాగంటే, ఫైళ్లున్న కంప్యూటర్‌లో సీఎండీని రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరిచి ఇలా కొట్టండి: నెట్ యూజర్ (net user), తర్వాత షేరింగ్‌కి పెట్టుకునే పేరు, తర్వాత పాస్‌వర్డ్, చివర /యాడ్ (/add). అన్నిటి మధ్యా ఒక్కో ఖాళీ, అన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లో. పేరు ‘ఇల్లు’ లాంటి చిన్నదేదైనా చాలు. ఇది మామూలు యూజర్, రోజువారీ లాగిన్‌కి సంబంధం లేదు, పిల్లలకి చెప్పినా మీ మెయిల్ పాస్‌వర్డ్ బయటపడదు.

ఇప్పుడు షేర్ చేయాల్సిన ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరవండి. ‘షేరింగ్’ ట్యాబ్‌లో ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్’కి వెళ్లి టిక్ పెట్టి, పర్మిషన్స్‌లో ఆ యూజర్‌ని చేర్చి ‘రీడ్’ గానీ ‘చేంజ్’ గానీ ఇవ్వండి. ఇక్కడితో ఆపేస్తే ఫోల్డర్ పేరు కనిపిస్తుంది, తెరిస్తే ‘యాక్సెస్ డినైడ్’. పక్కనున్న ‘సెక్యూరిటీ’ ట్యాబ్‌లో కూడా అదే యూజర్‌కి అనుమతి కావాలి. రెండు తాళాలు, రెండూ తెరవాలి. ఒకచోట పూర్తి అనుమతి, ఇంకోచోట చదవడానికే ఉంటే, చదవడమే దక్కుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసిన బయటి హార్డ్ డిస్క్‌కి సెక్యూరిటీ ట్యాబే ఉండదు, దానికి మొదటి తాళం చాలు. ఆ డిస్క్‌ని తీసి మళ్లీ పెట్టినప్పుడు ఈ:, ఎఫ్: అని అక్షరం మారితే షేర్ పోతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి చివర్లో ఉండే అక్షరం ఒకటి ఖాయం చేయండి. సీ డ్రైవ్ మొత్తం షేర్ చేసే పని మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు.

ఇక ల్యాప్‌టాప్‌లో \\192.168.1.10 తెరిచి, యూజర్ నేమ్ దగ్గర ముందు అవతలి కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత యూజర్ పేరు కొట్టండి. కంప్యూటర్ పేరు ఇవ్వకపోతే కొన్నిసార్లు విండోస్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఆ పేరు గల మనిషి కోసం వెతుకుతుంది. తప్పు పాస్‌వర్డ్‌ని ‘గుర్తుంచుకో’ టిక్‌తో సేవ్ చేసి ఉంటే అది అడక్కుండానే పాతదే పంపి విఫలమవుతుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, ‘విండోస్ క్రెడెన్షియల్స్’ తెరిచి ఆ అడ్రస్ ఉన్న వరస తీసేయండి. ఒకే కంప్యూటర్‌కి రెండు వేర్వేరు పేర్లతో కనెక్షన్ కుదరదని మెసేజ్ వస్తే, దాని నంబర్ 1219, సీఎండీలో నెట్ యూజ్ * /డిలీట్ (net use * /delete) కొట్టి పాత కనెక్షన్లన్నీ తెంపి మళ్లీ మొదలుపెట్టాలి.

కరెంటు పోయి వచ్చాక

అంతా కుదిరింది, వారం నడిచింది, ఒక కరెంటు కోత తర్వాత మళ్లీ పోయింది. 192.168.1.10 ఇప్పుడు ఏదో ఫోన్‌కి వెళ్లింది, కంప్యూటర్‌కి 192.168.1.14 వచ్చింది. కేబుల్ వాళ్లిచ్చే చాలా పెట్టెలు ఆగి మొదలైతే ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చాయో మర్చిపోతాయి. రౌటర్ డీహెచ్‌సీపీ పేజీలో ‘అడ్రస్ రిజర్వేషన్’ అని ఉంటుంది, అక్కడ కంప్యూటర్‌కి, ప్రింటర్‌కి వాటి మ్యాక్ అడ్రస్‌తో (ఏఆర్‌పీ పట్టీలో చూసిన ఆరు గుంపులదే) ఒక్కో నంబర్ ఖాయం చేయండి. ఫోన్లకి ఇలా చేయాలంటే ఒక మెలిక ఉంది: ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు అసలు మ్యాక్ బదులు ఒక్కో వైఫైకి ఒక్కో బూటకపు నంబర్ చూపిస్తాయి. ఆ వైఫై సెట్టింగ్స్‌లో దాన్ని ఆపాకే రిజర్వేషన్ పెట్టాలి.

కోత తర్వాత నెట్టే రాకపోతే పెట్టె మీద దీపాలు చూడండి. ‘ఎల్‌ఓఎస్’ ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబర్‌లో వెలుగు రావట్లేదు. అది మీ చేతిలో లేదు, ఒక్కటి తప్ప: పసుపు వైరు బీరువా వెనక మడత పడిందేమో, ఎలుక కొరికిందేమో చూడొచ్చు. ఫైబర్‌ని అరచేయంత గుండ్రంగా చుట్టాలి, చీపురుపుల్లలా విరవకూడదు. రెడ్ లేకుండా ‘పాన్’ పచ్చగా నిలిచి ఉంటే లైను బాగుంది, పెట్టె పేజీలో ఆప్టికల్ పవర్ (వైరులో వచ్చే వెలుగు బలం) −27 డీబీఎం కంటే కిందికి పోకుండా ఉందా చూసి, ముందు పెట్టె, రెండు మూడు నిమిషాలాగి రౌటర్, ఆ వరసలో ఆన్ చేయండి. రౌటర్ మాటిమాటికీ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే రౌటర్ కంటే ముందు దాని 12 వోల్టుల అడాప్టర్‌ని అనుమానించండి.

ఇక షేర్ చేసే కంప్యూటర్ నిద్రపోకూడదు. పవర్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ పది నిమిషాలకి ఆరిపోనివ్వండి, ‘స్లీప్’ మాత్రం ‘నెవర్’. ‘పొద్దున కనిపిస్తుంది, మధ్యాహ్నం మాయమవుతుంది’ అనే ఫిర్యాదులో సగం ఇదే.

ప్రింటర్

ప్రింటర్‌కి వైఫై గానీ ల్యాన్ పోర్టు గానీ ఉంటే దాన్ని కంప్యూటర్ ద్వారా షేర్ చేయొద్దు, నేరుగా రౌటర్‌కే కలిపి అడ్రస్ ఖాయం చేయండి. విండోస్ దానంతటదే పట్టుకున్నప్పుడు తరచూ ‘డబ్ల్యూఎస్‌డీ’ అనే పోర్టు పెడుతుంది, నిద్ర లేచాక ‘ఆఫ్‌లైన్’ అనేది ఎక్కువగా అదే. ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్‌లో ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్’ కొత్తగా చేర్చి ఖాయం చేసిన అడ్రస్ ఇవ్వండి. అప్పటికీ ఆఫ్‌లైన్ అంటే అదే పోర్ట్ సెట్టింగ్స్‌లో ‘ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్’ టిక్ తీసేయండి.

యూఎస్‌బీ మాత్రమే ఉండి, కంప్యూటర్ ద్వారా షేర్ చేసే పాత ప్రింటర్‌కి 2021 సెప్టెంబర్ అప్‌డేట్ల తర్వాత 11బీతో ముగిసే ఎర్రర్ మొదలైంది. రిజిస్ట్రీ మార్చమనే సలహాకి ముందు రెండు కంప్యూటర్లలోనూ అప్‌డేట్లు పూర్తిగా వేయండి. అప్పటికీ రాకపోతే ల్యాప్‌టాప్‌లో ఆ ప్రింటర్ డ్రైవర్ మామూలుగా ఇన్‌స్టాల్ చేసి, ‘లోకల్ పోర్ట్’ కొత్తది సృష్టించి, పోర్టు పేరు దగ్గర \\192.168.1.10\ తర్వాత ప్రింటర్ షేర్ పేరు కొట్టండి.

పెళ్లి వీడియో గంట పడుతుంటే

అన్నీ తెరుచుకున్నాయి గానీ 40 జీబీ పెళ్లి వీడియో కాపీకి గంట చూపిస్తోంది. కాపీ కిటికీలో వేగం సెకనుకి 11 ఎంబీ దగ్గర గీత గీసినట్టు ఆగిపోయిందంటే ఎక్కడో దారి 100 ఎంబీపీఎస్‌కి పడిపోయింది. గిగాబిట్‌లో (1000 ఎంబీపీఎస్) అయితే 110 దాకా వస్తుంది, అదే ఫైల్ ఆరేడు నిమిషాల్లో అయిపోతుంది. ఎథర్నెట్ ప్రాపర్టీస్‌లో లింక్ స్పీడ్ 100/100 అని ఉంటే కనెక్టర్ చూడండి. 100కి నాలుగు తీగలు చాలు: 1, 2, 3, 6. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. అంటే నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ తగలకపోయినా నెట్ చక్కగా వస్తూనే ఉంటుంది, వేగం మాత్రం పదో వంతుకి పడుతుంది.

కనెక్టర్ కోసేసి కొత్తది క్రింప్ చేయించండి. పిన్నుల వైపు మీకు కనబడేలా, క్లిప్పు వెనక్కి ఉండేలా పట్టుకుంటే, ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివరలా ఇదే వరస. ఆకుపచ్చ జత మధ్యలో నీలం దూరుతుంది, అక్కడే చాలామంది తప్పుతారు. జతల పురి 13 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ విప్పొద్దు. కేబుల్ కొనేటప్పుడు తీగని కత్తితో గీరి చూడండి, ఎర్రటి పూత కింద తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. నాలుగు వంపులు తిరగగానే లోపల విరుగుతుంది, గోడలో వేసేశాక తీయడం కుదరదు.

కనెక్టర్ బాగుండి కూడా 100 దాటకపోతే పెట్టెని తిప్పి చూడండి. చవక ఫైబర్ పెట్టెల్లో ఒక్క ల్యాన్ పోర్టే గిగాబిట్, పక్కవి 100వి ఉంటాయి. రెండు కంప్యూటర్లూ పెట్టెకే తగిలిస్తే అందులో ఒకటి నెమ్మది పోర్టులో పడక తప్పదు. ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి తెచ్చి, రెండు కంప్యూటర్లనీ దానికి తగిలించి, స్విచ్ నుంచి పెట్టెకి ఒక్క వైరు ఇస్తే కాపీ స్విచ్ లోపలే తిరిగిపోతుంది, పెట్టె వేగంతో పనే ఉండదు.